ఎరువు, ఉప్పు నీరు, దుమ్ము మధ్య బేరింగు: సెరామిక్ గోళీల ప్రయోజనం ఎంతవరకు?
ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు వ్యవసాయ యంత్రాల దృష్ట్యా ఒక పరిశీలన

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని నల్లరేగడి నేలల్లో శనగ విత్తడానికి రైతుకు దొరికే వ్యవధి చాలా తక్కువ. అక్టోబరులో చివరి వాన వెలిసి, నేల అదునుకు వచ్చి, పైపొర ఆరిపోయే లోపల విత్తనం పదునులో పడాలి. ఆ కొద్ది రోజులు దాటితే మొలక తగ్గుతుంది. మొలిచిన పైరు కూడా చివరి దశలో బెట్టకు గురవుతుంది. అల్ప వర్షపాత మండలంలో పనిచేసే శాస్త్రవేత్తలందరికీ ఇది తెలిసిన విషయమే. అయితే ఆ కొద్ది రోజుల పంట భవితవ్యం, పిడికిట్లో ఇమిడే ఒక ఇనుప వలయం మీద ఆధారపడి ఉంటుందన్న సంగతిని మనం తరచుగా పట్టించుకోము. నేనూ పట్టించుకోలేదు.

కొన్ని సంవత్సరాల క్రితం ఎమ్మిగనూరు సమీపంలోని ఒక గ్రామం నుండి శనగ విత్తనం సరిగా మొలవలేదన్న ఫిర్యాదు వచ్చింది. మిగిలిన విత్తనాన్ని పరీక్షిస్తే మొలక శాతం బాగానే ఉంది. పొలంలోకి వెళ్లి చూడగా ఖాళీల తీరు విచిత్రంగా కనిపించింది. విత్తన నాణ్యతా లోపమైతే ఖాళీలు చెదురుమదురుగా ఉండాలి. ఎండు తెగులైతే మొక్క మొలిచిన తరువాత చావాలి, అది గుంపులు గుంపులుగా కనిపించాలి. ఇక్కడ గొర్రు తొమ్మిది సాళ్లలోనూ ఖాళీ ఒకే గీత మీద మొదలై, కొన్ని బారల దూరం సాగి, ఒకే గీత మీద ముగిసింది. అంటే లోపం విత్తనంలో లేదు. విత్తనాన్ని వదిలే ఇరుసు అక్కడక్కడ తిరగడం మానివేసింది. షెడ్డులో గొర్రును పరిశీలిస్తే, ఎరువుల పెట్టె కింది ఇరుసు చివరనున్న బేరింగు తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. బిగువు ఎక్కువైన చోట గొలుసు చక్రపు మర పట్టు తప్పి, చక్రం ఖాళీగా తిరిగింది. ట్రాక్టరు నడిపేవారికి వెనుక జరుగుతున్నది కనిపించలేదు. మొలక వచ్చే నాటికి నేల పదును పోయింది. మళ్లీ విత్తే అవకాశం లేకపోయింది.

ఆ రైతు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. "సార్, టౌనులో సెరామిక్ బేరింగని ఒకటి వచ్చిందంట, దానికి తుప్పే పట్టదంటాండారు, నిజమేనా?" అప్పుడు నేను చెప్పగలిగిన సమాధానం అంత తృప్తికరంగా లేదు. విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఇటువంటి ప్రశ్న ఎదురైతే ఉపయోగపడుతుందని, ఆ తరువాత తెలుసుకున్న విషయాలను ఇక్కడ వివరిస్తున్నాను.

బేరింగు ఎందుకు చెడుతుంది?

బంతి బేరింగులో నాలుగు భాగాలు ఉంటాయి: ఇరుసును పట్టుకొని తిరిగే లోపలి వలయం, గూటిలో కదలకుండా ఉండే బయటి వలయం, రెండింటి మధ్య దొర్లే గోళీలు, ఆ గోళీలను సమదూరంలో ఉంచే పంజరం. వీటికి తోడు కందెన, దుమ్మును ఆపే సీలు. మన గొర్రులు, నూర్పిడి యంత్రాలలో 25 మి.మీ. ఇరుసుకు సరిపోయే 6205 రకం, దానికే గూడు అమర్చిన యూసీపీ 205 రకం విరివిగా కనిపిస్తాయి. గోళీలు, వలయాలు సాధారణంగా సుమారు 1 శాతం కర్బనం, 1.5 శాతం క్రోమియం గల ఉక్కుతో తయారవుతాయి. ఈ ఉక్కు చాలా గట్టిది. కానీ క్రోమియం ఇంత తక్కువగా ఉన్నందున తుప్పును నిరోధించలేదు.

బేరింగుల ఆయుర్దాయాన్ని లెక్కించే పద్ధతిని స్వీడన్‌కు చెందిన లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ 1947లో ప్రతిపాదించారు. బేరింగు భార సామర్థ్యాన్ని దానిపై పడే భారంతో భాగించి, ఆ ఫలితాన్ని ఘనం చేస్తే, నూటికి తొంభై బేరింగులు ఎన్ని పది లక్షల చుట్లు తిరగగలవో తెలుస్తుంది. 6205 బేరింగు సామర్థ్యం సుమారు 14 కిలోన్యూటన్లు. గొర్రు నేలచక్రం బేరింగు మీద 1 కిలోన్యూటన్, అంటే దాదాపు 100 కిలోల భారం పడుతుందనుకొందాం. 14ను ఘనం చేస్తే 2,744 వస్తుంది. అంటే 274 కోట్లకు పైగా చుట్లు. అర మీటరు వ్యాసం గల నేలచక్రం గంటకు 4 కి.మీ. వేగంతో నడిస్తే నిమిషానికి 42 చుట్లు తిరుగుతుంది. ఈ లెక్కన ఆ బేరింగు ఆయువు దాదాపు 10.9 లక్షల గంటలు. ఏడాదికి 200 గంటలు విత్తితే అది అయిదు వేల సంవత్సరాలకు పైగా మన్నాలి!

మన గ్రామాల్లో అది రెండు మూడేళ్లు కూడా నిలవడం లేదు. కాబట్టి గొర్రు బేరింగు అరిగి, అలసి చావడం లేదు. అది నిలబడి ఉండి చస్తోంది. ఏడాదిలో ఇరవై ముప్పై రోజులు పనిచేసి మిగతా పదకొండు నెలలు వేపచెట్టు కిందనో రేకుల షెడ్డులోనో నిలిచి ఉండే యంత్రానికి, కర్మాగారంలో పగలూ రాత్రీ తిరిగే యంత్రపు ఆయుర్దాయ సూత్రం వర్తించదు. ఈ తేడా గుర్తించకపోతే తరువాతి చర్చ అంతా పక్కదారి పడుతుంది.

నిలిచి ఉన్న బేరింగులో గోళీ, వలయం తాకే బిందువు చుట్టూ అతి సన్నని సందు ఉంటుంది. కందెనలో చేరిన తేమ ఆ సందులోకి లాగబడి అక్కడే నిలుస్తుంది. సందు లోపల ప్రాణవాయువు తక్కువ, బయట ఎక్కువ. ఈ అసమానత వల్ల అక్కడొక చిన్న విద్యుద్రసాయన ఘటం ఏర్పడి, లోహం గుంటలుగా తినివేయబడుతుంది. అటువంటి బేరింగును కోసి చూస్తే వలయం మీద తుప్పు మచ్చలు గోళీల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయేలా వరుసగా కనిపిస్తాయి. తుప్పు ఆక్రమించే పరిమాణం అసలు ఇనుము కన్నా రెండింతలకు పైనే ఉంటుంది కనుక, మైక్రాన్ల ఖాళీతో తయారైన బేరింగు బిగుసుకుపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎరువు చేసే పని

కేవలం గాలిలోని తేమ ఇంత హాని చేయలేదు. తేమను పిలిచి కూర్చోబెట్టేది ఎరువు. సేద్య విభాగం విద్యార్థులు చదువుకునే సందిగ్ధ సాపేక్ష ఆర్ద్రత అన్న భావన ఇక్కడ అక్కరకు వస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద యూరియా సుమారు 73 నుండి 75 శాతం, డి.ఎ.పి. సుమారు 83 శాతం, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సుమారు 84 శాతం ఆర్ద్రత దాటినప్పుడే గాలి నుండి నీటిని పీల్చుకొని కరగడం మొదలుపెడతాయి. అయితే యూరియా, డి.ఎ.పి. కలిస్తే ఈ హద్దు సుమారు 62 శాతానికి, యూరియా, పొటాష్ కలిస్తే సుమారు 60 శాతానికి పడిపోతుంది. వానాకాలపు ఉదయాలలో ఆర్ద్రత 70 శాతం దాటడం మన ప్రాంతంలోనూ మామూలే. అంటే ఒకే పెట్టెలో ఒకసారి డి.ఎ.పి., మరొకసారి యూరియా కలిపిన మిశ్రమం వాడి, అడుగున మిగిలిన పొడిని తుడవకుండా వదిలితే, వాన చుక్క పడకపోయినా ఆ పొడి తనంతట తానే ద్రావణంగా మారి ఇరుసు వెంట బేరింగులోకి జారుతుంది. సీలు నీటిని ఆపినా, ఆరిన ఉప్పు స్ఫటికాలు దాని రబ్బరు అంచును ఒరిపిడితో కోసేస్తాయి.

పొటాష్ ఎరువులోని క్లోరైడు మరొక విధంగా ప్రమాదకరం. తుప్పు పట్టని ఉక్కును కాపాడేది దాని పైనున్న క్రోమియం ఆక్సైడు పొర. క్లోరైడు ఆ పొరను సూదితో పొడిచినట్లు ఛేదిస్తుంది. బేరింగులకు వాడే 440సి రకం స్టెయిన్‌లెస్ ఉక్కులో 17 శాతం వరకు క్రోమియం ఉన్నప్పటికీ, గట్టిదనం కోసం చేర్చిన 1 శాతం కర్బనం అందులో కొంత క్రోమియాన్ని కార్బైడులుగా బంధించివేస్తుంది. అందుకే వంటపాత్రకు వాడే స్టెయిన్‌లెస్ మీద ఉన్న నమ్మకాన్ని ఈ ఉక్కు మీద పెట్టుకోకూడదు. ఉప్పు తగిలితే అదీ గుంటలు పడుతుంది.

పంజరం గురించి ఎవరూ అడగరు గాని, ఎరువుల యంత్రానికి ఇత్తడి పంజరం గల బేరింగు వేయకూడదు. యూరియా జలవిశ్లేషణ చెందితే అమోనియా వెలువడుతుంది. ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని అమోనియా పగుల్చుతుంది. ఈ సంగతి మొదట తెలిసివచ్చింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల దగ్గర నిలువ ఉంచిన ఇత్తడి తూటా గుళ్లు వానాకాలం వచ్చేసరికి పగిలిపోయేవి. గుర్రపు మూత్రంలోని యూరియా నుండి వచ్చే అమోనియాయే కారణమని 1921లో వివరణ వెలువడింది. నేలలో యూరియా మార్పు గురించి పాఠం చెప్పేటప్పుడు నేను ఈ ఉదంతాన్ని ప్రస్తావిస్తుంటాను. విద్యార్థులు యూరియేజ్ ఎంజైమును మరచిపోయినా గుర్రాలను మరచిపోరు.

సెరామిక్ గోళీ స్వభావం

ఇక్కడ సెరామిక్ అంటే కుండ, పింగాణీ కాదు. బేరింగులకు ప్రధానంగా వాడేవి సిలికాన్ నైట్రైడ్, జిర్కోనియా. సిలికాన్ నైట్రైడ్ పొడికి కొద్దిగా ఇట్రియా, అల్యూమినా చేర్చి, సుమారు 1,700 డిగ్రీలకు మించిన వేడిలో, అధిక వాయు పీడనం కింద రంధ్రాలు లేకుండా గట్టిపరుస్తారు. తరువాత వజ్రపు పొడితో రోజుల తరబడి సానపెడతారు. అయిదవ శ్రేణి గోళీలో గోళాకారం నుండి అనుమతించే తేడా 0.13 మైక్రాన్లు మాత్రమే. ధర ఎక్కువ కావడానికి ముడిపదార్థం కన్నా ఈ సానపనే ముఖ్య కారణం. ఇటువంటి పదార్థాల పరిశోధన మనకు దూరమైనదేమీ కాదు. హైదరాబాదు బాలాపూరులోని పౌడర్ మెటలర్జీ, నూతన పదార్థాల అంతర్జాతీయ ఉన్నత పరిశోధన కేంద్రం సెరామిక్స్ రంగంలో పనిచేస్తోంది.

సిలికాన్ నైట్రైడ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.2 గ్రాములు. ఉక్కుది 7.8. ఉక్కు గట్టిదనం వికర్స్ కొలమానంలో సుమారు 700 ఉంటే, దీనిది 1,500 ప్రాంతంలో ఉంటుంది. ఈ అంకెలకు మన నేలతో సంబంధం ఉంది. ఆదోని చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల నుండి కొట్టుకువచ్చే ఇసుకలోని క్వార్ట్జు గట్టిదనం సుమారు 1,100. అంటే క్వార్ట్జు రేణువు ఉక్కు గోళీని గీస్తుంది, సిలికాన్ నైట్రైడ్ గోళీని గీయలేదు. ఇది విద్యుత్తును ప్రసరింపజేయదు, అయస్కాంతానికి అంటదు, ఎరువుల లవణాలకు చలించదు. కందెన తగ్గినా ఉక్కు ఉక్కుకు అతుక్కున్నట్లు అతుక్కోదు. ఈ గుణాల వల్లనే అమెరికా అంతరిక్ష నౌకల ఇంజనులో ద్రవ ఆక్సిజన్ పంపుకు సిలికాన్ నైట్రైడ్ గోళీలను వాడారు. ఆ పంపుతో నౌక 1995 జూలైలో తొలిసారి ఎగిరింది. అక్కడ కందెన వాడే వీలు లేదు, ఉక్కు గోళీలు త్వరగా అరిగిపోయేవి.

తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పదగినది. సిలికాన్ నైట్రైడ్‌ను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తినివేస్తుందని చదివాము, మన బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది కదా, గోళీలు కరగవా? కరగవు. మన నీటిలో ఉండేది లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల ఫ్లోరైడు అయాను. ఉదజని సూచిక 7 నుండి 9 వరకు ఉన్న నీటిలో అది ఆమ్ల రూపంలో దాదాపు ఉండదు. మన పళ్లకు, ఎముకలకు చేసే హాని ఆ గోళీలకు చేయలేదు.

గోళీ ఒక్కటే మారితే చాలునా?

మార్కెట్లో సెరామిక్ బేరింగు అన్న పేరుతో దొరికేవాటిలో అధిక భాగం మిశ్రమ బేరింగులు. గోళీలు మాత్రమే సెరామిక్, వలయాలు మామూలు ఉక్కు. యంత్ర పరికరాల కుదుళ్లు, అతి వేగపు మోటార్లు వంటి చోట్ల ఇవి అద్భుతంగా పనిచేస్తాయి. కానీ మన గొర్రుకు వచ్చిన జబ్బు తుప్పు. గోళీకి తుప్పు పట్టకపోయినా వలయానికి పడుతుంది, బిగుసుకుపోవడం అలాగే జరుగుతుంది. పైపెచ్చు, సెరామిక్ ఉక్కు కన్నా బిరుసు. ఉక్కు స్థితిస్థాపక గుణకం సుమారు 208 గిగాపాస్కల్ అయితే సిలికాన్ నైట్రైడ్‌ది సుమారు 310. అదే భారానికి తాకిడి విస్తీర్ణం తగ్గి, వలయం మీద ఒత్తిడి పదో వంతుకు మించి పెరుగుతుంది. తుప్పుతో బలహీనపడిన వలయానికి ఇది మేలు చేసేది కాదు. కనుక తుప్పు కోసమే అయితే ఉక్కు వలయాల మిశ్రమ బేరింగుకు డబ్బు పెట్టడం వృథా. ఈ ఒక్క మాట రైతుకు స్పష్టంగా చెప్పగలిగితే చాలు.

వలయాలు కూడా సెరామిక్‌తో చేసిన పూర్తి సెరామిక్ బేరింగు తుప్పు సమస్యను నిజంగానే పరిష్కరిస్తుంది. దాని ధర అదే కొలతలోని ఉక్కు బేరింగుకు పదుల రెట్లు ఉంటుంది. ధర సంగతి అటుంచితే, పొలంలో ఎదురయ్యే అసలు చిక్కు వేరే ఉంది. 25 మి.మీ. ఉక్కు ఇరుసు ఉదయం 30 డిగ్రీల దగ్గర ఉండి, ఎండకూ ఒరిపిడికీ 70 డిగ్రీలకు చేరిందనుకొందాం. ఉక్కు వ్యాకోచ గుణకం డిగ్రీకి 10 లక్షల్లో 12 వంతులు కనుక ఇరుసు 12 మైక్రాన్లు లావెక్కుతుంది. సిలికాన్ నైట్రైడ్ గుణకం 3.2 మాత్రమే కనుక వలయం రంధ్రం 3.2 మైక్రాన్లే పెరుగుతుంది. దాదాపు 9 మైక్రాన్ల తేడా వలయాన్ని లోపలి నుండి చీల్చే ఒత్తిడిగా మారుతుంది. ఉక్కు వలయమైతే సాగి సర్దుకుంటుంది. సెరామిక్ సాగదు, పగులుతుంది. దాని పగుళ్ల నిరోధకత ఉక్కు కన్నా చాలా తక్కువ. వదులుగా బిగిస్తే ఇరుసు వలయంలో జారి అరుగుతుంది. ఇక యూసీపీ గూళ్లలో మాదిరిగా మరను నేరుగా లోపలి వలయం మీద బిగించే పద్ధతి సెరామిక్‌కు అసలే పనికిరాదు. మర మొన దగ్గరే బీట వారుతుంది. గొర్రును గట్టు దగ్గర ఎత్తి, మలుపు తిరిగి, దబ్బున దించే అలవాటు మన ట్రాక్టరు నడిపేవారందరికీ ఉంది. ఉక్కు బేరింగు చెడే ముందు గరగరమని శబ్దం చేస్తుంది. సెరామిక్ వలయం ఆ అవకాశం ఇవ్వకుండానే ముక్కలు కావచ్చు.

జిర్కోనియా వ్యాకోచం ఉక్కుకు దగ్గరగా, సుమారు 10.5 ఉంటుంది కనుక బిగింపు చిక్కు తగ్గుతుంది. అయితే వేడి నీరు, ఆవిరి దీర్ఘకాలం తగిలితే దాని స్ఫటిక నిర్మాణం మారి, ఉపరితలం ఉబ్బి, సన్నని పగుళ్లు వస్తాయి. పొలంలోని ఉష్ణోగ్రతల వద్ద ఈ మార్పు చాలా నెమ్మది. వరి ఉడికించే మిల్లులలో మాత్రం ఆలోచించవలసిన విషయం.

మన ప్రాంతంలో సెరామిక్ ఎక్కడ తగును?

వాస్తవానికి సెరామిక్ మన రైతుల చేతికి ఎప్పుడో వచ్చింది, పేరు తెలియకుండానే. ఆదోని పత్తి రైతులు వాడే హెచ్‌టీపీ స్ప్రేయరు పంపులలో ముషలకాలకు సెరామిక్ తొడుగు ఉంటుంది. మంచి రకం నాజిల్ మొనలు అల్యూమినాతో చేసినవి. మోనోబ్లాక్ పంపు మెకానికల్ సీలులో తెల్లగా కనిపించే వలయం సెరామిక్, దాని మీద ఒరుసుకునే నల్లనిది కర్బనం. వీటన్నిటిలో సెరామిక్ దొర్లడం లేదు, ఒరుసుకుంటోంది. నొక్కుడు భారాన్ని అది బాగా తట్టుకుంటుంది, దెబ్బను, లాగుడును తట్టుకోలేదు. ఈ తేడాను బట్టి ఎక్కడ పనికివస్తుందో చాలావరకు ఊహించవచ్చు.

నీట మునిగే బోరు మోటార్లలో ఎక్కువ భాగానికి గోళీ బేరింగులే ఉండవు. నీరే కందెనగా పనిచేసే కర్బన పలకలు పంపు బరువును మోస్తాయి. కనుక "సబ్‌మర్సిబుల్‌కు సెరామిక్ గోళీలు" అని ఎవరైనా అమ్మజూపితే, ముందు ఆ మోటారులో గోళీలు ఉన్నాయో లేదో చూడవలసి ఉంటుంది. ఇసుక ఎక్కువగా వచ్చే బోర్లలో మాత్రం పంపు ఇరుసుకు సిలికాన్ కార్బైడ్ గొట్టపు బేరింగులు మేలు. అవి ఒరిపిడి బేరింగులు. తుంగభద్ర మీది ఎత్తిపోతలలో కనిపించే నిలువు పంపులలో నీటితో తడిసే రబ్బరు బేరింగులు ఉంటాయి. పంపు పొడిగా తిరిగితే అవి నిమిషాలలో కాలిపోతాయి. అక్కడ జాగ్రత్త పడవలసింది తుప్పు గురించి కాదు, పంపు మొదలుపెట్టే ముందు బేరింగులను తడపడం గురించి.

మిశ్రమ బేరింగుకు నిజమైన అక్కర ఉన్న చోటు ఒకటి కొత్తగా వచ్చింది. సౌర విద్యుత్తుతో, వేగ నియంత్రక పరికరంతో నడిచే నేల మీది మోటార్లలో ఇరుసుకూ గూటికీ మధ్య విద్యుత్ పీడనం పేరుకొని, బేరింగు కందెన పొరను చీల్చుకుంటూ సూక్ష్మమైన మెరుపులుగా విడుదలవుతుంది. ప్రతి మెరుపూ ఉక్కు మీద ఒక సూదిమొనంత గుంట. కొన్ని నెలలకు వలయం మీద బట్టలుతికే బండ మీది గాట్ల వంటి అడ్డగీతలు ఏర్పడి మోటారు హోరు పెడుతుంది. సిలికాన్ నైట్రైడ్ విద్యుత్ నిరోధకం కనుక ఆ దారిని మూసివేస్తుంది. ఇటువంటి హోరు విన్నప్పుడు సాధారణ బేరింగును పదే పదే మార్చడం కన్నా, మోటారు భూసంధానం సరిచూసి, అవసరమైతే మిశ్రమ బేరింగు వేయించడం లాభదాయకం.

ఆదోని జిన్నింగు మిల్లుల గురించి కూడా అడుగుతుంటారు. అక్కడి శత్రువు దూది నుసి, తుప్పు కాదు. నుసి కందెనలోని నూనెను పీల్చివేస్తుంది. మంచి సీలు, వేళకు కందెన చాలు.

గొర్రుకు ఏమి చేయాలి?

ఆ రైతు గొర్రు విషయానికి వస్తే, ఏ గోళీ వేయాలన్న ప్రశ్న కన్నా అసలు గోళీ అవసరమా అన్న ప్రశ్న ముందు రావలసింది. విత్తనాన్ని వదిలే 20 మి.మీ. ఇరుసు నిమిషానికి 40 చుట్లు తిరిగినా దాని ఉపరితల వేగం సెకనుకు 4 సెంటీమీటర్లే. మోసే భారం కొద్ది కిలోలు. ఇంత మందగతికి దొర్లుడు బేరింగు అక్కరలేదు. అధిక అణుభారపు పాలిథిలీన్ బుష్ చాలు. అది ఎరువుకు, క్లోరైడుకు చలించదు, కందెన లేకపోయినా తిరుగుతుంది, ఊరి లేతు పనివారే తరణ పట్టి ఇవ్వగలరు. నైలాన్ బుష్ మాత్రం వద్దు. అది తేమను పీల్చి ఉబ్బి, తుప్పు చేసిన పనినే తాను చేస్తుంది. మన పెద్దలు బండి ఇరుసుకు ఆముదపు కందెన వేసి ఏళ్ల తరబడి నడిపింది కూడా ఒరిపిడి బేరింగుతోనే. నేలచక్రానికి, పళ్లెపు గొర్రు పళ్లేలకు భారం ఎక్కువ కనుక అక్కడ ఉక్కు గోళీ బేరింగే ఉండాలి. దానికి రెండు పెదవుల సీలు, నీటికి చెదరని కాల్షియం సల్ఫోనేట్ రకం గ్రీజు అవసరం. అంగళ్లలో విరివిగా దొరికే సాధారణ లిథియం గ్రీజు నీరు కలిస్తే మెత్తబడి జారిపోతుంది.

కందెన వేసే వేళ గురించి మన రైతుల్లో ఒక తప్పు అలవాటు ఉంది. విత్తనానికి ముందు గ్రీజు కొడతారు, విత్తిన తరువాత యంత్రాన్ని అలాగే వదిలేస్తారు. చేయవలసింది రెండో వేళ. విత్తడం ముగిసిన రోజునే ఎరువుల పెట్టెను పూర్తిగా ఖాళీ చేసి, మొదట పొడి బ్రష్‌తో తుడిచి, తరువాత తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. స్ప్రేయరు పంపు గన్నును బేరింగు వైపు గురిపెట్టి కడిగితే సీలు దాటి నీరు లోపలికి పోతుంది. అది కడగకుండా వదిలినదాని కన్నా చెడ్డది. ఒక ఎండ పూట ఆరనిచ్చి, పాత గ్రీజు అంచుల నుండి బయటకు వచ్చేంతవరకు కొత్త గ్రీజు ఎక్కించి, చక్రాన్ని పది చుట్లు చేత్తో తిప్పాలి. ఆ తరువాత నెలకొకసారి పావు చుట్టు తిప్పితే గోళీలు ఒకే చోట నిలిచి ఉండవు. గ్రీజు మొన లేని సీలు బేరింగులను విత్తనానికి పక్షం రోజుల ముందు చేత్తో తిప్పి చూసి, గరుకుగా ఉంటే అప్పుడే మార్చాలి. ఒక 6205 బేరింగు ధర, ఎకరా శనగ విత్తనం ఖర్చులో చిన్న భాగం మాత్రమే.

నిలిచి ఉన్న యంత్ర భాగం చివరకు పని పడిన రోజే విఫలం కావడం గొర్రులకే పరిమితం కాదు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువ కాలువ కింద ఆదోని, ఎమ్మిగనూరు రైతులు కొన్ని రోజులు నిద్రలేకుండా గడిపారు. జలాశయం నిండుగా ఉన్న ఆ వేళ వారికి పోతున్నది ఖరీఫ్ నీరు.

రైతులు సెరామిక్ బేరింగు చూపించి అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త జేబులో ఒక అయస్కాంతం ఉంటే చాలా తేలిపోతుంది. గోళీలు అంటుకుంటే అవి ఉక్కు. పైన సెరామిక్ పూత అని చెప్పినా లోపల ఉక్కే. గోళీలు అంటుకోక వలయాలు అంటుకుంటే అది మిశ్రమ బేరింగు. ఏదీ అంటుకోకపోతే పూర్తి సెరామిక్ కావచ్చు, లేదా 316 రకం స్టెయిన్‌లెస్ గోళీలు, ప్లాస్టిక్ వలయాలు గల చవక రకం కావచ్చు. సిలికాన్ నైట్రైడ్ నల్లగా లేదా ముదురు బూడిద రంగులో, చేతికి తేలికగా ఉంటుంది. జిర్కోనియా దంతపు తెలుపులో, బరువుగా ఉంటుంది. 440సి స్టెయిన్‌లెస్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది కనుక, అంటుకున్నంత మాత్రాన మామూలు ఉక్కని తీర్మానించరాదు. సెరామిక్ గ్రీజు అన్న పేరుతో వచ్చేది మరొక సరుకు. దానికీ సెరామిక్ గోళీకీ సంబంధం లేదు.

బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం పరిధిలోని గ్రామాలలో గాని, అద్దెకు యంత్రాలిచ్చే కేంద్రాలలో గాని స్నాతకోత్తర విద్యార్థులు చేపట్టదగిన పని ఒకటి మిగిలి ఉంది. మార్చిన ప్రతి బేరింగునూ పారవేయకుండా, అది ఏ యంత్రంలో, ఏ ఇరుసు మీద, ఎన్ని గంటలు పనిచేసి, ఎన్ని నెలలు నిలిచి ఉన్నదో రాసి, కోసి చూసి, తుప్పా, ఇసుకా, విద్యుత్తా, అలసటా అని వర్గీకరించాలి. పాలిథిలీన్ బుష్‌లు వేసిన గొర్రులను, సీలు మార్చిన గొర్రులను, మామూలు గొర్రులను మూడు శనగ కాలాలు పక్కపక్కన నడిపి, సాళ్లలోని ఖాళీలను మీటర్లలో కొలవాలి. దిగుబడి లెక్కకు ఆ కొలత నేరుగా అందుతుంది. ఆ రైతు తన గొర్రులో రెండు ఇరుసులకూ బుష్‌లు వేయించుకున్నారు. నేలచక్రం బేరింగును మాత్రం ప్రతి సెప్టెంబరులో మారుస్తున్నారు.